ఎం.టి.ఎం. పిల్లిపిల్ల లోగోల గురించి తెలిసినవాళ్లు చెప్పరా?

ఎం.జి.ఎం. సినిమాలకి గర్జించే సింహం ఉన్నట్టే, అమెరికాలో ఎం.టి.ఎం. అనే నిర్మాణ సంస్థ తీసిన టీవీ సీరియళ్ల చివర మిమ్సీ అనే నారింజ రంగు పిల్లిపిల్ల మ్యావ్ అనేది కదండీ. సీరియల్‌ని బట్టి దాని వేషం మారడం నాకెంతో ఇష్టం. 'హిల్ స్ట్రీట్ బ్లూస్'కి పోలీసు టోపీ, 'రెమింగ్టన్ స్టీల్'కి షెర్లాక్ హోమ్స్ టోపీ, పైపు. 'న్యూహార్ట్'లో అయితే మ్యావ్ అనేది హీరో బాబ్ న్యూహార్ట్ గొంతే! 1988లో 'సెయింట్ ఎల్స్‌వేర్' ఆఖరి ఎపిసోడ్‌లో పాపం మిమ్సీ ఆసుపత్రి మానిటర్ పక్కన పడుకుని ఉంటుంది, చివరికి మానిటర్‌లో గుండె చప్పుడు చూపే గీత చదునైపోతుంది. అది చూస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఆ టోపీలు నిజంగా తొడిగారా, తర్వాత ఫిల్మ్ మీద కలిపారా? పాత ఆప్టికల్ ఎఫెక్ట్స్ తెలిసిన ఎడిటర్లు ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్. అసలు శబ్దంతో ఉన్న క్లిప్పులు ఎక్కడ దొరుకుతాయో కూడా చెబితే చాలా సంతోషిస్తాను.