రాత్రి మూడైనా నిద్ర రాదు, పొద్దున క్లాస్ వినబుద్ధి కాదు. ఇది సోమరితనమా, జబ్బా?

మగ్గంగుంట | 23 మే 2021, రాత్రి 2:40

అన్నలకి అక్కలకి నమస్తే. మాది ధర్మవరం, అనంతపురంలో బీటెక్ థర్డ్ ఇయర్. పోయినేడు మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమంటే వారం పదిరోజులే కదా అని రెండు జతల బట్టలు ఎత్తుకోని వచ్చినా, అది నెలలు నెలలు పట్టింది. మధ్యలో కొన్నాళ్లు కాలేజీ తెరిచినారు, అలవాటు పడేలోపల సెకండ్ వేవ్ అని మళ్లా ఇంటికి. ఇప్పుడు మధ్యాహ్నం 12 కొట్టిందంటే కర్ఫ్యూ, టీ తాగేకి కూడా యాడికీ పోయేకి లేదు.

ఇంట్లో ఉండేది ఒకటే పెద్ద రూము, అందులోనే మగ్గం. పెండ్లిండ్లే లేవు, ఇంగ పట్టుచీరలు ఎవరు కొంటారు, షావుకారు పట్టు ఇచ్చేది తగ్గించినాడు, నెలలో సగం రోజులు మగ్గం ఊరికే ఉంటాంది. దాని పక్కన చాప వేసుకోని నేను క్లాస్ వింటా. వినేది ఏముందిలే, లాగిన్ అయ్యి మ్యూట్ పెట్టి పండుకునేది, అటెండెన్స్ అప్పుడు లేచి ప్రెజెంట్ సార్ అని టైప్ కొట్టేది.

రాత్రి మూడు నాలుగు దాకా నిద్ర పట్టదు. ఫోన్ చూస్తా చూస్తా తెల్లారుతాది. పదకొండుకు లేస్తే నాయన ఒక్క మాట అనడు, ఊరికే చూస్తాడు, ఆ చూపు తట్టుకోలేకపోతాండా. రెండు బ్యాక్‌లాగ్స్ పడినాయి (రెండు సబ్జెక్టులు ఫెయిల్), ముందు నేను ఇట్లాంటోన్ని కాదు. ఇంగోటి, నా రూమ్మేట్ వాళ్ల నాయన ఈ నెల మొదట్లో కరోనాతో పోయినాడు. గ్రూపులో అందరూ ఓం శాంతి పెట్టినారు, నేను కూడా దండం బొమ్మ పెట్టినా. ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలీక ఇరవై రోజులైనా చేయలే, అది గుర్తొస్తే నా మీద నాకే అసయ్యం వేస్తాంది. ఒక్కోసారి పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తాది. ఇంట్లో చెప్తే కూసోని తినేటోనికి ఏం బాధ అంటారు. అనకపోయినా అనుకుంటారు.

బురుజుపక్కిల్లు | 23 మే 2021

బ్రో సేమ్ ఇక్కడ. కర్నూలు మాది. పోయినేడు ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా జిల్లాలోనే, వీధికి కట్టెలు అడ్డం కట్టి రెడ్ జోన్ అన్నారు, అప్పుడు మా జేజి పోయింది (కరోనా కాదు, గుండె). నలుగురు మోసేకి కూడా మనుషులు రాలే. ఫ్రెండ్స్ అందరూ ఆర్ఐపీ పెట్టినారు, ఒక్కడు మాత్రం పదో దినం అయిపోయినాక ఫోన్ చేసి, ఏం తిన్నావ్ రా పొద్దున అనడిగినాడు. ఉగ్గాని అన్నా. ఇంగేం మాట్లాడలే ఇద్దరం, కానీ వాన్ని నేను మర్చిపోను. నువ్వు ఇరవై రోజులు అయ్యింది అని ఆగొద్దు, రెండు నెలలైనా చెయ్.

పెన్నగట్టు_పెద్దాయన | 23 మే 2021

ఏమబ్బీ, మేము లాంతరు కింద చదువుకోలేదా. మీకు ఫోను, నెట్టు, కాళ్లకాడికి కూడు, అయినా మనసు బాలేదు అంటారు. ఆ ఫోను అవతల పడేసి పొద్దున్నే ఐదుకు లేచి నాలుగు మైళ్లు నడువు, ఏ రోగమూ ఉండదు.

ఓపీచీటీ | 23 మే 2021

తమ్ముడూ, నేను సీమలోనే ఒక గవర్నమెంట్ ఆసుపత్రిలో సైకియాట్రీ పీజీ చేస్తున్నా. మిగతావన్నీ తర్వాత, ముందు నీ చివరి మాట. లేవకుండా ఉంటే బాగుండు అనిపించడం వరకేనా, లేక చచ్చిపోవాలని, ఎలాగో అని కూడా ఆలోచన వస్తోందా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా ఏం జరగదు. రెండోది అయితే ఈ రాత్రి ఒక్కడివే ఉండొద్దు, అమ్మను లేపు, పొద్దున్నే అనంతపురం పెద్దాసుపత్రికి రండి, కర్ఫ్యూలో కూడా ఆసుపత్రికి పోయేవాళ్లను ఆపరు. ఎప్పుడైనా కిరణ్ అని గవర్నమెంట్ వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 1800-599-0019, ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వాళ్లది 080-46110007.

ఇక సోమరితనమా అన్నావే. సోమరిపోతుకు పని ఎగ్గొడితే హాయిగా ఉంటుంది, రాత్రి రెండున్నరకు కూర్చొని ఇంత పోస్ట్ రాయడు. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తిరగబడటం, నేను పనికిరాను అనిపించడం, ఇవి దాదాపు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషనేమో అని డాక్టర్ చూడాల్సిందే. నీది డిప్రెషన్ అని ఇక్కడ కూర్చొని నేను తేల్చను. మందులు అవసరమైతే ఇస్తారు, అవసరం లేకపోతే ఇవ్వరు. ఇస్తే మాత్రం పారాసిటమాల్ మాదిరి గంటలో పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇక్కడే చాలామంది వారానికే మానేస్తారు. చెప్పింది బయటికి పోతుందేమో అని భయం వద్దు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత రాసి ఉంది.

పెద్దాయన చెప్పిన మందు సగం కరెక్టే, తిట్టే తప్పు. మన ఒంట్లో గడియారం పొద్దుటి వెలుతురును చూసి సరిచేసుకుంటుంది. హాస్టల్లో టిఫిన్ గంట, బస్సు, క్లాసు, ఇవన్నీ మనకు తెలీకుండానే ఆ గడియారానికి కీ ఇస్తుండేవి, ఒక్క రోజులో అన్నీ పోయినాయి. ఎప్పుడు పడుకున్నా సరే లేచే టైము ఒకటే పెట్టుకో, ఐదు కాదు, ఎనిమిది చాలు. లేస్తానే మిద్దె మీదికి పోయి అరగంట ఎండలో నిలబడు. పగలు పడుకోవద్దు. ఫోన్ చాప దగ్గర కాకుండా మగ్గం అవతలి పక్క ఛార్జింగ్ పెట్టు.

నల్లడబ్బాల_సార్ | 24 మే 2021

నేను చెప్పేటోన్ని నాయనా, వినేటోన్ని కాదు. అరవై పేర్లు, అరవై నల్ల డబ్బాలు. జోక్ వేస్తే నవ్వినారో లేదో తెలీదు, నాకు నేనే గోడకు చెప్పుకుంటాండానేమో అనిపిస్తాది. మీరు పండుకున్నారని మాకు తెలుసు, తెలిసినా ఏం చేసేది. ఒక పాప ఒకరోజు క్లాస్ అయినాక లాగవుట్ కాలే, సార్ మాట్లాడొచ్చా అనింది, గంట మాట్లాడింది, సబ్జెక్టు గురించి ఒక్క ముక్క లేదు. అట్ల నువ్వు కూడా నీకు నచ్చిన సార్‌ను ఎవర్నైనా పట్టుకో. బ్యాక్‌లాగ్స్ సప్లీలో (సప్లిమెంటరీ పరీక్షల్లో) పోతాయి, వాటికి భయపడొద్దు.

మగ్గంగుంట | 2 జూన్ 2021

అక్కా, ఆలోచన లేవకుండా ఉంటే బాగుండు అనే దాకానే, అంతకు మించి లేదు. ఆ రాత్రే చెప్పాల్సింది, సారీ. నంబర్‌కి చేసినా, రెండో సారికి కలిసింది, ఒక మేడమ్ ముప్పావు గంట విన్నారు. రూమ్మేట్‌కి కూడా చేసినా, ఏం తిన్నావ్ రా అనే అడిగినా, బ్రో నీదే కాపీ. వాడు ఏడ్చినాడు, తర్వాత నన్నే తిట్టినాడు ఇన్నిరోజులు చేయలేదని.

అమ్మకి చెప్పినా. పోగు తెగితే ముడి వేస్తాండె, తల ఎత్తలే. నాకూ నిద్ర పట్టదు రా, షావుకారు బాకీ తలుచుకుంటే అనింది. మేమిద్దరం ఒకే రూములో రాత్రంతా మేలుకోని ఒకరికొకరు పండుకున్నట్లు నటిస్తాంటిమి. నాయనకి ఇంకా చెప్పలే. సోమవారం ఓపీకి పోతాండాం, అమ్మ వస్తాది.

మగ్గంగుంట | 27 నవంబర్ 2022

ఎవరో ఈ పాత పోస్ట్ కింద నంబర్ అడిగితే వచ్చినా. ఇప్పుడు 14416 అని టెలి మానస్ (గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వచ్చింది, పోయిన నెల 10వ తేదీ మొదలుపెట్టినారు, తెలుగు ఉంది, దానికి చేయండి. పెన్నగట్టు పెద్దాయనా, మీరు ఇంకా ఇక్కడే ఉంటే, కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచం మొత్తం మీద 25 శాతం పెరిగినాయని డబ్ల్యూహెచ్‌వో ఈ మార్చిలో చెప్పింది, చిన్న వయసోళ్లకే ఎక్కువ దెబ్బంట. మీ మీద కోపం లేదు, నడక మాత్రం రోజూ నడుస్తాండా.

నాకు ఏడు నెలలు మందులు వాడినాక డాక్టరే మెల్లగా తగ్గించి ఆపినారు. బ్యాక్‌లాగ్ ఒకటి పోయింది. ఎం త్రీ (మూడో మ్యాథ్స్ పేపర్) ఇంకా అట్లే ఉంది, ఎవరి దగ్గరైనా మంచి నోట్స్ ఉంటే చెప్పండి.