హిస్టోన్ల మీద డీఎన్ఏ: అల్లికా, ముడా, చుట్టా?

ప్రశ్న: పిల్లల కోసం రాస్తున్న వ్యాసంలో, హిస్టోన్లనే ప్రోటీన్ల గురించి, "డీఎన్ఏ హిస్టోన్లతో అల్లుకుని ఉంటుంది" అని రాశాను. ఒకరు దాన్ని "ముడిపడి ఉంటుంది" అని దిద్దారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ కాదండీ. జడ అల్లినా బుట్ట అల్లినా పాయలు ఒకదాని కింద ఒకటి దూరాలి. ఇక్కడ ఆ దూరడం లేదు. ముడి అసలే కుదరదు. కొస దొరకని పోగుకు ముడి పడితే తెంపి అతికితేనే విడుతుంది, కణంలో ఆ పని టోపోఐసోమరేజ్ అనే ఎంజైముది. హిస్టోన్ల మీది డీఎన్ఏ ఏ తెంపూ లేకుండానే ఊడివస్తుంది. "చుట్టుకుని ఉంటుంది" అనండి. పేట, పురి అన్న మంచి మాటలను డీఎన్ఏ ద్విసర్పిలానికి (డబుల్ హెలిక్స్‌కు) ఉంచుకోండి: అది పురి ఉన్న రెండు పేటల తాడు.

ఇంకొకరు: నేతవాళ్ల "కండె" సరిపోదా? పుస్తకాల్లో పూసల దండ అంటారు కానీ, పూసలో దారం లోపలి నుంచి పోతుంది కదా.

జవాబు: పూసల మీద మీ అభ్యంతరం న్యాయమే. కండె నయం, కానీ దాని మీద చుట్లు లెక్కలేనన్ని. ఇక్కడ ఎనిమిది హిస్టోన్ల ముద్ద మీద 147 క్షార జతల (డీఎన్ఏ పొడవుకు కొలత ఇదే) పోగు, సుమారు 1.65 చుట్లు. రెండు కూడా నిండవు. తర్వాత కొంత ఖాళీ పోగు, మళ్లీ ఇంకో ముద్ద. ఆ ఖాళీ పోగును "లంకె" అందాం. డీఎన్ఏను కోసే మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే ఎంజైము ముందు తెంచేది ఈ లంకెలనే. ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద సుమారు 200, 400, 600 జతల దగ్గర నిచ్చెన మెట్లలా పట్టీలు వస్తాయి. ఎంజైము మోతాదు మించినా, ఎక్కువసేపు ఉంచినా మెట్లన్నీ పోయి 147 దగ్గర ఒక్క పట్టీ మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. తర్వాతి వాక్యం: "మిథైల్ చేరితే చుట్టు బిగిసి జన్యువు ఆగుతుంది, ఎసిటైల్ చేరితే వదులవుతుంది."

జవాబు: మిథైల్, ఎసిటైల్ అన్నవి హిస్టోన్లకు తగులుకునే చిన్న రసాయన గుంపులు. ఎసిటైల్ మాట నిజం. హిస్టోన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికున్న ధనావేశం పోతుంది, రుణావేశమున్న డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. మిథైల్‌తో ఆ ఆవేశం పోదు, అది ఏ లైసిన్ మీద చేరిందన్నదే ముఖ్యం. హెచ్3 హిస్టోన్‌లో 9వ లైసిన్ మీద మూడు మిథైళ్లుంటే హెచ్‌పీ1 ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది, ఆ చోటు దట్టమై జన్యువు అణగుతుంది. అదే హెచ్3లో 4వ లైసిన్ మీద మూడుంటే, అది చురుగ్గా ఉన్న జన్యువుల మొదట్లో కనిపించే గుర్తు. "హెచ్3లో 9వ లైసిన్ మీద" అని చేర్చండి. "బిగిసి" తీసేసి "దట్టమై" అని పెట్టండి, ఎందుకంటే అక్కడ జరిగేది ముద్దలు దగ్గరగా చేరడం.