14.6 కిలోల స్ఫటికానికి న్యూట్రినో ఎలా చిక్కింది?

కణం_22: న్యూట్రినో (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే, ఆవేశం లేని కణం) అంటే వేల టన్నుల నీళ్ల ట్యాంకులే గుర్తొస్తాయి. 2017లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 14.6 కిలోల సీజియం అయోడైడ్‌తో ఎలా పట్టారు? అంత తేలికైతే, న్యూట్రినో కేంద్రకం మొత్తాన్ని ఒకేసారి తాకగలదని భౌతికవేత్త ఫ్రీడ్‌మన్ 1974లోనే చెప్పినా, పట్టడానికి 43 ఏళ్లెందుకు? రియాక్టర్ పక్కన పెట్టినా పనిచేస్తుందా?

స్ఫటికం: న్యూట్రినో శక్తి ఓ 50 ఎంఈవీ (5 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టులు) లోపుంటే దానికి కేంద్రకం మొత్తం ఒకే ముద్ద. ప్రోటాన్ల వంతు దాదాపు శూన్యం, కాబట్టి తాకే అవకాశం న్యూట్రాన్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సీజియంలో అవి 78, అయోడిన్‌లో 74. అందుకే చిన్న స్ఫటికం చాలింది.

తాకడం సులువే, తాకినట్టు తెలియడమే కష్టం. 30 ఎంఈవీ న్యూట్రినో కొడితే సీజియం కేంద్రకానికి దక్కేది మహా అయితే 15 కేఈవీ (ఎంఈవీలో వెయ్యో వంతు కేఈవీ). అందులో వెలుగయ్యేది తొమ్మిది శాతం లోపే. కేంద్రకానికి దక్కిన ఒక్కో కేఈవీకి సుమారు ఒక ఫోటోఎలక్ట్రాన్ (ఆ వెలుగు సెన్సర్‌లో ఊడగొట్టే ఎలక్ట్రాన్) వస్తుంది. స్ఫటికంలో థాలియం బదులు సోడియం కలిపిందీ ఇందుకే. పెద్ద మెరుపు తర్వాత మిగిలే మినుకు దీనిలో తక్కువ. ఆ మినుకు అచ్చం సిగ్నల్‌లాగే ఉంటుంది మరి.

మైక్రోసెకను: టైమింగ్ మర్చిపోయారు. ఓక్ రిడ్జ్‌లో పాదరసం మీద ప్రోటాన్లు సెకనుకు 60 సార్లు, పల్స్‌లుగా పడతాయి. ఆ దెబ్బకు పయాన్లు, వాటి నుంచి మ్యువాన్లు అనే అల్పాయుష్షు కణాలు పుట్టి, విరిగిపోతూ న్యూట్రినోలనిస్తాయి. పయాన్ న్యూట్రినో వెంటనే వస్తుంది, మ్యువాన్‌వి 2.2 మైక్రోసెకన్ల ఆయుష్షు లెక్కన వెనకాలే. ప్రతిసారీ 10 మైక్రోసెకన్లే చూస్తే సెకనులో చూసేది 600 మైక్రోసెకన్లు. మామూలు రేడియోధార్మిక రొద వెయ్యో వంతు కంటే కిందికి పోతుంది. న్యూట్రాన్లకు మాత్రం ఈ ఉపాయం పారదు, అవీ పల్స్‌తోనే వస్తాయి. పైగా అడ్డం పెట్టిన సీసంలోంచే న్యూట్రినోలు న్యూట్రాన్లను ఊడగొడతాయి, అందుకని సీసానికి లోపలివైపు పాలిథీన్ పొర ఉండాలి.

జెర్మేనియం: రియాక్టర్ దగ్గర లెక్క మారుతుంది. 4 ఎంఈవీ న్యూట్రినో జెర్మేనియాన్ని కొడితే 0.47 కేఈవీ, అందులో విద్యుదావేశంగా దక్కేది ఐదో వంతు లోపే. స్విట్జర్లాండ్‌లోని లైబ్‌స్టాట్‌లో అణువిద్యుత్ కేంద్రంలో కోనస్ ప్లస్ ప్రయోగం వాళ్లు థ్రెషోల్డ్‌ను (డిటెక్టర్ గుర్తించగల కనీస శక్తిని) 160-180 ఎలక్ట్రాన్‌వోల్టులకు దించి, కోర్‌కు 20.7 మీటర్ల దూరంలో పట్టారు (2025). ఇక్కడ పల్స్ లేదు కాబట్టి, పోల్చి చూడ్డానికి రియాక్టర్ ఆపినప్పటి డేటాయే దిక్కు. డిటెక్టర్‌ను చల్లబరిచే కూలర్ కంపనం కాస్త పెరిగినా ఆ అంచున నాయిస్ ఎగబాకి సిగ్నల్‌ను మింగేస్తుంది.

కణం_22: మరి తేలికైన సోడియం వాడితే దెబ్బకు ఎక్కువ కదులుతుంది కదా?

స్ఫటికం: కదులుతుంది. కానీ న్యూట్రాన్లు 12 మాత్రమే. కేంద్రకానికి చూస్తే సీజియంలో 42వ వంతు, కిలోకు చూస్తే ఏడో వంతు తాకిళ్లు. అందుకే సోడియం అయోడైడ్ అయితే టన్నుల్లో పేర్చాలి.