అప్‌డేట్: పాత టేకు తలుపులు, గ్రిల్స్‌తో గుర్రపుశాల

తమిళనాడులోని కారైకుడిలో కొన్న పాత టేకు తలుపులు, పోత ఇనుప గ్రిల్స్ గుర్రపుశాలకు పనికొస్తాయా అని అడిగాను. పనికొస్తాయి, చోటు చూసి పెట్టాలంతే.

ఇంటి తలుపు వెడల్పు మూడడుగులే. గుర్రానికి కనీసం 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు కావాలి. అందుకే చెక్కడపు తలుపులు జీనులు పెట్టే గదికి వెళ్లాయి. 12x12 అడుగుల స్టాల్స్‌కు (ఒక్కో గుర్రం ఉండే గదులకు) బయటికి తెరుచుకునే కొత్త తలుపులు చేయించి, పాత ఇత్తడి గుబ్బలు బయటివైపే బిగించాం.

అన్నిటికన్నా ముఖ్యం రంగు. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, గుర్రాలేమో చెక్క కొరుకుతాయి. పొడిగా గీకితే ఆ దుమ్మే విషం. పెయింట్ రిమూవర్ పూసి, తడిగా ఉండగానే గీకి, ఆ చెత్తను మూటగట్టి మేతకు దూరంగా తీసేయాలి. ఆపై అవిసె నూనె. మేకులన్నీ పీకాక అయస్కాంతంతో నేలంతా వెతకాలి.

పోత ఇనుము తన్నితే పగిలి, అంచు కత్తిలా తేలుతుంది. ఆ అందమైన గ్రిల్స్ 8 అడుగుల పైన గాలి కిటికీలకే సరి. కింద ఉక్కు కడ్డీలు, మధ్య సందు 3 అంగుళాలలోపు. నేలకు వేసిన నున్నటి తాండూరు బండ తడిస్తే జారుతుంది; ఉలితో గరుకు చేసి రబ్బరు మ్యాట్లు పరిచాం. పాత రాతి తొట్టి మాత్రం నీళ్లకు అద్భుతం, అడుగున బిరడా పెట్టే కన్నం ఉంటే రోజూ కడగొచ్చు.