మావారు డాక్టరు దగ్గరకు రానంటున్నారు, నేనొక్కదాన్నే కౌన్సెలింగుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: గాజువాక గృహిణి

అందరికీ నమస్కారం. మేము గాజువాకలో అత్తగారితో, పెళ్లికాని ఆడపడుచుతో కలిసి ఉంటున్నాము. నిరుడు మామగారు కాలం చేసినప్పటి నుంచి మావారు మునుపటిలా లేరు. దినకార్యాలు లోటు లేకుండా జరిపించారు గాని, వచ్చిన చుట్టాల మంచిచెడ్డలు చూసుకోవడంలో పడి, తండ్రి కోసం ఏడవడానికి ఆయనకు తీరిక దొరకలేదేమో అనిపిస్తుంది. షిఫ్టు దిగి వచ్చి అన్నం కలుపుకొని, రెండు ముద్దలు తిని, కంచంలో చెయ్యి కడిగేస్తారు. తెల్లవారుజామున మూడింటికే లేచి హాల్లో లైటు వేయకుండా కూర్చుంటారు. బాబు హోంవర్కు పుస్తకం పట్టుకొని వెళ్తే కసురుకుంటారు. వాడు నిద్రపోయాక పక్కన చేరి తల నిమురుతారు. ఏమైందని అడిగితే "నాకేమీ లేదు" అన్న ఒక్క మాటే సమాధానం.

డాక్టరుకు చూపిద్దామంటే అత్తగారు, "చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గేటు దగ్గర మనవాళ్లెవరైనా చూస్తే పిల్లకు సంబంధాలు వస్తాయా?" అని అడ్డుపడ్డారు. దగ్గరి బంధువు ఒకరు మాత్రలు రాయించుకొచ్చి మజ్జిగలో కలిపి ఇమ్మంటున్నారు. అందుకు నాకు మనసొప్పలేదు. ఈ మధ్య నేనూ అయినదానికీ కానిదానికీ అరుస్తున్నాను. ఆయన రాకపోయినా నేను వెళ్తే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1: క్లినికల్ సైకాలజిస్టు, ఎం.వి.పి. కాలనీ

తప్పకుండా వెళ్లవచ్చు. ఇంట్లో ఒకరి మనసు కుంగినప్పుడు పక్కనున్నవారు ఎలా మాట్లాడాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో, తమ నిద్రనూ ఓపికనూ ఎలా కాపాడుకోవాలో నేర్చుకోవడం కూడా చికిత్సలో భాగమే. మీరు చెప్పిన లక్షణాలు, ముఖ్యంగా వేళకు ముందే మెలకువ రావడం, ఆకలి తగ్గడం, చిరాకు, డిప్రెషన్‌లో కనిపించేవే. అయితే చూడకుండా నిర్ధారించడం సరికాదు. షిఫ్టు ఉద్యోగం, థైరాయిడ్, షుగరు, మద్యం అలవాటు కూడా ఇలాంటి ఇబ్బందులు తేగలవు. కాబట్టి మొదట మామూలు ఫిజీషియన్‌కు చూపించండి. "మనసు బాగాలేదు" అంటే రాని మగవారు "నిద్ర పట్టడం లేదు" అంటే వస్తారని మా అనుభవం.

మజ్జిగలో మందు మాత్రం వద్దు. మోతాదు, పడకపోవడం, మద్యంతో కలిస్తే వచ్చే ప్రమాదం, వీటిలో ఏదీ ఆయనకు తెలియకుండా గమనించడం సాధ్యం కాదు. పైగా ఒకసారి తెలిస్తే ఆ ఇంట్లో ఆయన మంచినీళ్లు కూడా అనుమానంతోనే తాగుతారు. మందు రాసేది సైకియాట్రిస్టు. మావంటివారు మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందు రాయరు. ఎవరి దగ్గరకు వెళ్లినా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఇరవైనాలుగు గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు; కుటుంబసభ్యులూ చేయవచ్చు. ఆయన చావు మాట ఎత్తితే మాత్రం, ఊరికే అన్నారులే అని వదిలేయకండి. ఆయనను ఒంటరిగా ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి లేదా అత్యవసర నంబరు 112కు ఫోను చేసి చెప్పండి.

జవాబు 2: పెందుర్తి నుంచి ఒక ఉద్యోగి

చెల్లెమ్మా, కొన్నేళ్ల కిందట నేనూ మీ ఆయనలాగే ఉండేవాణ్ని. మా ఆవిడ నాకు జబ్బుందని ఒక్కసారీ అనలేదు. "నాకే నిద్ర రావడం లేదు, డాక్టరు దగ్గర బండి మీద దింపండి" అంది. నేను బయట బల్ల మీద ఫోను చూస్తూ కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకు ఆ డాక్టరుగారే, ఇంటి సంగతులు మీ మాటల్లో కూడా వినాలని ఉంది అని లోపలికి పిలిచారు. రోగిగా పిలిచి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్నే.

మందులకు అలవాటు పడిపోతానని మా అమ్మ భయపడింది. నిద్రమాత్రల్లో కొన్నింటికి ఆ ప్రమాదం ఉందట గాని, డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావని డాక్టరు వివరించారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. తగ్గిందనిపించినా సొంతంగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మాత్రలకంటే నన్ను ఎక్కువగా కదిలించింది సైకాలజిస్టు ఇచ్చిన పని: రోజూ ఏం చేశానో, అప్పుడు మనసెలా ఉందో ఒక నోటుబుక్కులో రాయడం. రైతుబజారుకు వెళ్లి వచ్చిన రోజున నా మనసు కాస్త తేలికపడిందని ఆ పుస్తకం చూశాకే నాకు తెలిసింది.

జవాబు 3: అక్కయ్యపాలెం పెద్దావిడ

అత్తగారు అడ్డుపడుతున్నారనే మీరు చూస్తున్నారు. తల్లీ, ఆవిడ భర్తను పోగొట్టుకున్నారు. కొడుకు గురించే అందరూ రాశారు గాని, ఆవిడ ఎలా ఉన్నారని ఒక్కరూ అడగలేదు. భర్త పోయిన ఇంట్లో ఇక కూతురి పెళ్లి కూడా చెడితే అన్న భయం ఆవిడను పట్టి ఉంటుంది, దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మన వీధులు చట్టం చదివి నడవవు, అది వేరే మాట. ప్రైవేటు క్లినిక్కులో చూపిస్తే ఆవిడకు ఊరటగా ఉంటుందంటే అలాగే చేయండి. కానీ చినవాల్తేరు ఆసుపత్రి అంటే గొలుసులూ గదులూ అనుకోవడం పాతకాలపు మాట. అక్కడి ఓపీకి వచ్చేవారిలో ఎక్కువమంది మందులు తీసుకొని అదే రోజు బస్సెక్కి ఇంటికి వెళ్తారు. అది ప్రభుత్వ ఆసుపత్రి, డబ్బుకు ఇబ్బంది ఉన్నవారికి అదొక దిక్కు.

గాజువాక గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అత్తగారి పక్కన పడుకొని "మీకు నిద్ర పడుతోందా?" అని అడిగితే, చాలాసేపు మాట్లాడారు. ఆవిడకు షుగరు పరీక్ష చేయించాలన్న వంకతో ఆవిడతో పాటు తానూ ఫిజీషియన్‌కు చూపించుకోవడానికి మావారు ఒప్పుకున్నారు. నాకోసం విడిగా కౌన్సెలింగుకు అపాయింట్‌మెంటు అడిగాను. వెళ్లేటప్పుడు ఏమైనా రాసుకొని వెళ్లాలా?

జవాబు 1: క్లినికల్ సైకాలజిస్టు

ఆయన పడుకునే వేళ, లేచే వేళ, షిఫ్టు మారిన రోజులు, భోజనం, మద్యం ఉంటే అదీ, ఒక వారం పాటు తేదీల వారీగా రాయండి. ఆ కాగితం ఫిజీషియన్‌కు ఇవ్వబోతున్నారని ఆయనకు ముందే చెప్పండి. ఇద్దరూ ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు కూడా తీసుకువెళ్లండి. మీ కౌన్సెలింగుకు మాత్రం ఆయన సంగతులు కాదు, మీ సంగతులు రాసుకొని వెళ్లండి.