పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) మెడికల్ కాలేజీ వస్తే ఆసుపత్రిలో ఉచిత వైద్యం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె. మా నాన్నకు 67 ఏళ్లు, షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. ప్రతి నెలా ప్రభుత్వ ఆసుపత్రిలోనే చూపిస్తాం. పోయిన నెల స్కానింగ్ చేసేవాళ్లు లేరని మూడుసార్లు తిప్పి పంపారు. డాక్టరుగారిని తప్పుపట్టను, ఒక్కరే వందమందిని చూస్తున్నారు పాపం. ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదు, ముందు డబ్బు కట్టండి అన్నారు. ఒంగోలు వెళ్లాలంటే బస్సులో రెండు గంటలకు పైనే. అంతసేపు నాన్న కూర్చోలేరు.

2025 సెప్టెంబరులో పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీకి ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది కదా. మొదటి విడత నాలుగింటిలో మార్కాపురం కూడా ఉంది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

టెండరు షరతులు చదివినవాళ్లు ఉంటే చెప్పండి: ఓపీ, మందులు, పరీక్షలు అందరికీ ఉచితమేనా? పడకల్లో ఎన్ని ఉచితం? చిత్తూరు జిల్లా ఆసుపత్రిని ఇదివరకే ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీకి అనుసంధానం చేశారు. అక్కడివాళ్లు మీ అనుభవం రాయండి, మంచైనా చెడైనా.

ఇంకోటి, ఇది అర్జెంటు. కార్డు ఉన్నా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేస్తే పని జరుగుతుందా, లేక ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం కోసం ఉండే సహాయకులు) దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలా? వచ్చే వారం నాన్నకు యాంజియోగ్రామ్ చేయించాలి.