పికియోనిస్ రాతి బాటలు దగ్గరగా చూసినవాళ్లు కాస్త చెప్పండి

ఏథెన్స్‌లో ఉన్నవాళ్లకీ, చూసొచ్చినవాళ్లకీ ఒక ప్రశ్న. దిమిత్రిస్ పికియోనిస్ (1887–1968) అనే ఆర్కిటెక్ట్ పనుల గురించి చదువుతున్నాను. పిరయస్‌లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత మ్యూనిక్, పారిస్‌లలో బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. 1954–57 మధ్య అక్రోపోలిస్, ఫిలోపప్పోస్ గుట్టల దగ్గర ఆయన వేయించిన బాటలంటే నాకు ప్రాణం. పడగొట్టిన పాత ఇళ్ల పాలరాతి ముక్కలు ఏరి తెచ్చి, మేస్త్రీలతో, విద్యార్థులతో కలిసి అక్కడికక్కడే ఆలోచిస్తూ పేర్పించాడు. ఎంత ఓపిక కావాలి దానికి!

నా సందేహం ఆ అతుకుల గురించే. రాళ్ల మధ్య కాంక్రీటు ఎక్కడ నింపారు, మట్టి ఎక్కడ వదిలారు? వాలులో వాననీరు ఎటు పోతుంది? నేను చూసిన ఫొటోలన్నీ దూరం నుంచి తీసినవే. దగ్గరగా తీసినవి ఉంటే దయచేసి పెట్టండి.

ఇంకోటి, డిసెంబరులో మా అమ్మతో వెళ్తున్నాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఫిలోపప్పోస్ గుట్ట మీద ఆ బాట పక్కనే ఉన్న లుంబార్దియారిస్ చర్చి దాకా నడవగలదా, తడిస్తే ఆ రాళ్లు జారతాయా అని టెన్షన్‌గా ఉంది. ఏథెన్స్ శివారు ఫిలోథేయిలో పికియోనిస్ చేసిన పిల్లల ఆటస్థలానికి బస్సులో వెళ్లొచ్చా?